జాన్ బాయిడ్ డన్‌లప్: గాలిటైరును లోకమునకు తెచ్చిన పశువైద్యుడు

సైకిలు నెరుగని పల్లె మన తెలుగుదేశమున లేదు. పాలు పోయువాడును, తపాలా బంట్రోతును, బడికి వచ్చు బాలుడును, ఊరూర ప్రార్థనకూటములు జరుపు ఉపదేశియు దీని నెక్కి తిరిగినవారే. ఈ వాహనము కుదుపు లేక సాగుటకు కారణమేమని అడిగినచో పలువురు సీటనియు, దాని క్రింది స్ప్రింగులనియు చెప్పుదురు. టైరులోపల కంటికి కానరాక యుండు కొంచెము గాలిని తలచువా రరుదు. ఆ గాలిని చక్రమునకు తొడిగి, అది పనికివచ్చునని లోకమునకు ఋజువు చేసినవాడు డన్‌లప్. ఆ మాట టైరుల ప్రక్కను అచ్చొత్తియుండగా చూచి, అది యొక కంపెనీ పేరనియే చాలమంది యెంచుచున్నారు. అది మొదట ఒక మనుష్యుని పేరు. ఆయన వ్యాపారి కాడు, యంత్రశిల్పి కాడు. గుఱ్ఱములకును ఆవులకును వైద్యము చేసి బ్రదికినవాడు.

విద్యార్థులు పలువురు మొదటి సైకిలును కొనదలచినప్పుడు ఏది మేలని ఉపాధ్యాయుల నడుగుట కలదు. ధర తక్కువగా నుండవలెను, హాయిగా తిరుగుటకు తగియుండవలెను, తండ్రికి అప్పు కాకూడదు. ఈ మూడును కూడిన సైకిలు ఎట్లుండునో తెలిసికొనుటకు డన్‌లప్ జీవితము కంటె మంచి పాఠము మాకు తోచలేదు. కావున ముందుగా ఆయన చరిత్రమును చెప్పి, పిమ్మట దానినుండి మనము గ్రహింపదగినదానిని వ్రాయుచున్నాము.

జాన్ బాయిడ్ డన్‌లప్ 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశమున, అయిర్‌షైరు మండలములోని డ్రెగ్‌హార్న్ గ్రామమున, సేద్యము చేయు కుటుంబములో జన్మించెను. తాను నెలలు నిండకమునుపే పుట్టితి నని విని, తన దేహము దుర్బలమని ఆయన యెల్లప్పుడును తలంచి ఆరోగ్యవిషయమున మిక్కిలి జాగరూకుడై యుండెను. అట్లు జంకిన మనుష్యుడే ఎనుబది యొక్క యేండ్లు జీవించెను. పొలములోను పశువుల నడుమను పెరిగిన బాలునకు పశువైద్యముపై మనసు పోవుట సహజము. ఎడింబరోలోని పశువైద్య కళాశాలయందు చదివి, పందొమ్మిదవ యేట పట్టము పొందెను. కొన్ని సంవత్సరములు స్వదేశమున వృత్తి సాగించి, 1867లో సముద్రము దాటి ఐర్లండునకు పోయెను. అచ్చట డౌన్‌పాట్రిక్ పట్టణమున తన సోదరునితో కలసి వైద్యశాల నడపెను. పిమ్మట బెల్‌ఫాస్ట్ నగరమునకు మారి, మే వీధిలో వైద్యశాల నెలకొల్పెను. 1871లో మార్గరెట్ స్టీవెన్‌సన్ అను నామెను వివాహమాడెను. వారికి ఒక కుమార్తెయు ఒక కుమారుడును కలిగిరి.

నలుబది యేడేండ్ల ప్రాయము వచ్చువరకు డన్‌లప్ పేరు బెల్‌ఫాస్ట్ ప్రాంతము దాటి వినబడలేదు. ఆయన వైద్యము బాగుగా సాగుచుండెను, ఇల్లు గడచుచుండెను, కీర్తికొరకు వెదకవలసిన పని లేకుండెను. రబ్బరుతో పనిచేయు అనుభవము మాత్రము ఆయనకు కొంత కలదు. ఆ చిన్న నేర్పు ముందు ఏ పనికి వచ్చునో అప్పుడు ఆయనకే తెలియదు.

ఆ కాలపు సైకిళ్లు ఎట్టివో యిచ్చట కొంచెము చెప్పవలెను. 1860 ప్రాంతములందు వచ్చిన సైకిళ్లకు కఱ్ఱచక్రములును ఇనుప పట్టాలును ఉండెను. రాళ్లు పరచిన వీధులలో వాని నెక్కినవారికి ఒడలి యెముకలన్నియు కదలిపోయెడివి గనుక, ఆంగ్లేయులు వానికి ఎముకలను కుదుపునది యను అర్థము వచ్చు పేరే పెట్టిరి. తరువాత ముందుచక్రము మనిషి యెత్తును, వెనుకచక్రము పళ్లెమంతయు గల సైకిళ్లు వచ్చెను. వానిపై కూర్చున్నవాడు చిన్న రాయి తగిలినను తలక్రిందుగా పడుచుండెను. స్త్రీలకును, వృద్ధులకును, పిల్లలకును అవి అందరానివి. 1885లో కవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ అను నాతడు రెండు చక్రములును ఇంచుమించు సమముగా నుండి, గొలుసుచేత వెనుకచక్రము తిరుగు సైకిలును చేసి, దానికి రోవర్ అని పేరు పెట్టెను. నేడు మనము త్రొక్కు సైకిలునకు అదియే మూలరూపము. అది పడదోయు భయమును తగ్గించెను గాని కుదుపును తగ్గించలేదు. చిన్న చక్రము గుంటలో మఱింత దిగబడును గదా! దాని టైరు గట్టి రబ్బరు ముద్ద. లోపల గాలి లేదు.

డన్‌లప్ కుమారుడు జానీ అప్పుడు చిన్నవాడు. వానికొక మూడుచక్రముల బండి యుండెను. బెల్‌ఫాస్ట్ వీధులు రాతిపలకలు పరచినవి. నడుమ ట్రాము పట్టాలు. వానిపై బండి త్రొక్కునప్పుడు పిల్లవానికి కుదుపు బాధ కలుగుచుండెను. ఇట్టి మొఱను ఏ తండ్రి వినలేదు? వినిన పలువురు అలవాటు పడుమని చెప్పి పంపుదురు. డన్‌లప్ అట్లు పంపక, ఆ బాధకు మూలమెక్కడ నున్నదని ఆలోచించెను. రోగమునకు పైపూత వేయక మూలము వెదకుట వైద్యుని ధర్మము గదా.

1887 అక్టోబరు నెలలో ఆయన ఒక గుండ్రని కఱ్ఱపలకను తెచ్చి, పలుచని రబ్బరురేకుతో గొట్టము చేసి దాని అంచున చుట్టి, పైన గుడ్డ తొడిగి మేకులతో బిగించి, కాలిబంతికి గాలికొట్టు పంపుతో దానిలో గాలి నింపెను. ఒక చేత ఆ పలకను, వేరొక చేత కుమారుని బండియొక్క గట్టిటైరు చక్రమును పట్టుకొని పెరటిలోనికి పోయి, ఒకదాని తరువాత నొకటి దొర్లించి చూచెను. గట్టిటైరు చక్రము పెరటి చివరకు చేరకయే నిలిచిపోయెను. గాలి నిండిన చక్రమో, పెరడంతయు దాటి, అవతలి గుమ్మపు స్తంభమునకు కొట్టుకొని వెనుకకు ఎగిరి వచ్చెను. ఆయన కిది చాలెను. పిల్లవాని బండి వెనుక చక్రములు రెంటికిని అట్టి టైరులు తొడిగెను. 1888 ఆరంభమున జానీ ఆ బండి త్రొక్కి చూచెను. అదివఱకు లేని హాయియే గాక, అదివఱకు లేని వేగమును వచ్చెను.

ఈ రెండవ ఫలము ఏల కలిగెనో విద్యార్థులు తెలిసికొనవలెను. గట్టి చక్రము ఒక రాతిని తాకినప్పుడు, ఆ రాతిపైకి చక్రమును, బండియు, మనిషియు మొత్తముగా లేవవలెను. అట్లు లేపుటకు త్రొక్కువాని బలము ఖర్చగును. క్రిందికి పడినప్పుడు ఆ బలము తిరిగి రాదు. చప్పుడుగను కుదుపుగను పోవును. గాలిటైరు అట్లు గాదు. రాయి తగిలినచోట మాత్రము అది లోనికి నొక్కుకొని, రాయి దాటగానే తిరిగి నిండును. బండి లేవదు, మనిషి కదలడు. నొక్కుటకు పోయిన బలములో చాలభాగము మరల వచ్చును. కాబట్టి హాయియు వేగమును ఒకదానికొకటి శత్రువులు కావనియు, గతుకుల దారిలో ఒక్క కారణముచేతనే రెండును కలుగుననియు డన్‌లప్ పెరటిలో తేలినది.

ఆయన 1888లో హక్కుపత్రమునకు దరఖాస్తు పెట్టగా, అదే సంవత్సరము డిసెంబరు 7వ తేదీన అది మంజూరయ్యెను. అయినను లోకము వెంటనే నమ్మలేదు. లావుగా ఉబ్బిన ఆ టైరులను చూచి పందెగాండ్రు నవ్విరి. బెల్‌ఫాస్ట్ క్రూజర్స్ అను సైకిలు సంఘమునకు నాయకుడైన విల్లీ హ్యూమ్ మాత్రము అట్టి టైరులు గల సైకిలును కొనెను. అతడు మహావీరుడని పేరుపొందినవాడు కాడు. 1889 మే 18వ తేదీన బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కళాశాల క్రీడలలో నాలుగు సైకిలు పందెములు జరుగగా నాలుగును అతడే గెలిచెను. పిమ్మట లివర్‌పూల్ నగరమునకు పోయి, అచ్చటను ఒక్కటి తప్ప తక్కిన పందెములన్నియు గెలిచెను. నవ్వినవారే ఆ టైరుల కొరకు వెదకసాగిరి. ఓడినవారిలో హార్వీ డ్యూక్రాస్ అను వర్తకుని కుమారులుండిరి. ఆ తండ్రి కుమారుల ఓటమికి చిన్నపుచ్చుకొనక, గెలిచినవాని టైరును పరీక్షించి, డన్‌లప్‌తో కలసి 1889లో డబ్లిన్ నగరమున కంపెనీ నడప నారంభించెను.

ఇచ్చటినుండి డన్‌లప్ చరిత్రము మనము తలచునట్టి విజయకథగా సాగదు. హక్కుపత్రము వచ్చిన రెండేండ్లకు, అది చెల్లదని ప్రభుత్వము తెలియజేసెను. కారణమేమనగా, రాబర్ట్ విలియం థామ్సన్ అను వేరొక స్కాట్లండువాడు 1845లోనే గాలిటైరునకు బ్రిటిషు హక్కుపత్రము పొందియుండెను. తరువాత ఫ్రాన్సులోను అమెరికాలోను కూడ పొందెను. అతడు తన చక్రములను గుఱ్ఱపుబండికి తొడిగి లండను ఉద్యానమున నడపి చూపెను. కాని ఆ కాలమున సైకిళ్లు లేవు. సన్నని మంచి రబ్బరు దొరకుట కష్టము, వెల హెచ్చు. అందుచేత ఆ యూహ నలుబదియేండ్లు మఱుగుపడిపోయెను. థామ్సన్ 1873లో మరణించెను. డన్‌లప్ అతని పని నెరుగడు. తన బుద్ధితోనే మరల కనుగొనెను. అయినను మొదటివాడు తాను కాననుమాట నిజము. న్యాయము నిజము ప్రక్కనే నిలిచెను.

హక్కుపత్రము పోయినను కంపెనీ మునుగలేదు. టైరు ఊహ ఒక్కటే చాలదని అందరికి తెలిసియుండెను. మొదటి టైరులు చక్రమునకు అతికించబడియుండెను గనుక, ముల్లు గ్రుచ్చుకొనినచో టైరును విప్పి ట్యూబును అతుకుట గొప్ప తంటా. 1890లో చార్లెస్ వెల్చ్, విలియం బార్ట్‌లెట్ అనువారు టైరును రిమ్మునకు తొడిగి మరల తీయదగిన ఉపాయములను వేర్వేరుగ కనిపెట్టగా, కంపెనీ ఆ హక్కులను సంపాదించెను. మన వీధిచివర పంచరు వేయు మనుష్యుడు రెండు చిన్న ఇనుపముక్కలతో టైరును క్షణములో విప్పుచున్నాడనిన, అది వారి బుద్ధిఫలమే. ఇట్లు ఒక్క టైరులో థామ్సన్ ఊహయు, డన్‌లప్ పరీక్షయు, హ్యూమ్ ధైర్యమును, వెల్చ్ బార్ట్‌లెట్‌ల నేర్పును కలిసియున్నవి.

డన్‌లప్ వైద్యవృత్తి మానుకొని 1892లో డబ్లిన్‌కు కాపురము మార్చెను. కంపెనీ నడపు తీరు ఆయన మనసునకు సరిపడలేదు. 1895లో దానిని విడిచెను. మఱుసటి సంవత్సరము ఆ వ్యాపారము ముప్పది లక్షల పౌండ్లకు అమ్ముడుపోయెను. కొనిన హూలీ అను ధనికుడు దానినే ఏబది లక్షలకు ప్రజలకు అమ్మెను. ఆ ధనరాసులలో డన్‌లప్‌నకు దక్కినది అల్పము. ఆయన పేరును గడ్డముతోడి ఆయన ముఖమును మాత్రము కంపెనీ ప్రకటనలలో వాడుకొనెను; తన ముఖమునకు విలాసపురుషుని వేషము తొడుగుట ఆయనకు నచ్చలేదు. ఆయన గాలిటైరు చరిత్రమును తానే వ్రాసియుంచగా అది మరణానంతరము ప్రకటింపబడెను. 1921 అక్టోబరు 23వ తేదీన డబ్లిన్‌లో స్వగృహమున మరణించెను. డీన్స్ గ్రేంజ్ శ్మశానభూమిలో ఆయన సమాధి కలదు.

ఈ చరిత్రములో మేము దాచిపెట్టరాని భాగము మఱియొకటి కలదు. టైరులకు గిరాకి హెచ్చినకొలది రబ్బరునకు గిరాకి హెచ్చెను. 1890 తరువాత ఆఫ్రికాలోని కాంగో దేశమున బెల్జియము రాజైన రెండవ లియోపోల్డ్ ఏలుబడిలో, అడవిరబ్బరు తెమ్మని గ్రామములను నిర్బంధించి, తేలేనివారిని కొరడాలతో కొట్టి, చంపి, చేతులు నరికిన ఘోరములు జరిగెను. ఆ సంగతిని లోకమునకు తెలిపినవారిలో మిషనెరీలు ముఖ్యులు. ఆలిస్ సీలీ హారిస్ అను మిషనెరీ స్త్రీ తాను తీసిన ఛాయాపటములను దేశదేశముల సభలలో చూపించెను. 1908లో రాజు చేతినుండి ఆ రాజ్యము తొలగింపబడెను. డన్‌లప్ ఈ పాపము చేయలేదు. అయినను ఒకని హాయి వేరొకని కన్నీటిమీద నిలువకూడదని టైరు కథ మనకు బోధించుచున్నది. వస్తువును కొనునప్పుడు అది ఎవరి చేతులమీదుగా వచ్చెనో తలచుట క్రైస్తవధర్మము.

మేలును చెప్పుదము. గాలిటైరు వచ్చిన పదియేండ్లలో సైకిలు వీరుల ఆటవస్తువుగా నుండుట మాని, సామాన్యుల వాహనమయ్యెను. గుఱ్ఱము కొనలేని పనివాడు దూరపు పనికి పోగలిగెను. స్త్రీలు ఒకరి తోడు లేకయే ఊరు దాటగలిగిరి. మన దేశమునకు మొదట ఇవి ఓడలపై వచ్చెను. 1936లో బెంగాలు రాష్ట్రపు సాహాగంజ్‌లో డన్‌లప్ పేరుతో టైరుల కర్మాగారము వెలసెను. అది బహుకాలము నడచి పిమ్మట ఆగిపోయినది. 1949లో మదరాసు చెంత అంబత్తూరున సైకిళ్ల కర్మాగారము స్థాపింపబడెను. నల్లని రంగు, 28 అంగుళముల చక్రములు, ఒకటిన్నర అంగుళముల టైరులు గల ఆ గట్టి సైకిలును మన తాతలు ముప్పదియేండ్లు వాడి, కుమారులకు ఇచ్చిరి.

ఇక సైకిలు ఎన్నుకొనుట. డన్‌లప్ పెరటి పాఠమును అనుసరించి ఈ క్రింది సంగతులను తల్లిదండ్రుల కెఱిగించుచున్నాము.

మొదటిది, హాయి టైరునుండి వచ్చును గాని మెఱపునుండి రాదు. పందెపు సైకిలునకుండు సన్నని టైరు గతుకుల దారికి తగదు. ఒకటిన్నర మొదలు రెండు అంగుళముల వెడల్పు గల టైరు మన వీధులకు చాలును. ఎంత గాలి పట్టవలెనో టైరు ప్రక్కనే అచ్చువేసియుండును. దానికి తక్కువైన ట్యూబు నలిగి చిరుగును; మితిమీరిన కుదుపు హెచ్చును. చౌకసైకిళ్లకు ముందును వెనుకను పెట్టు లావు స్ప్రింగులు బరువును పెంచుటకే గాని హాయికి అంతగా తోడ్పడవు. గాలియే మన స్ప్రింగు. దానికి వెల లేదు.

రెండవది, సైకిలు పిల్లవానికి సరిపోవలెను. పెరుగును గదాయని పెద్దసైకిలు కొని యిచ్చుట మన యిండ్లలో వాడుక. కాలు నేలకందని బిడ్డ బ్రేకు వేసినప్పుడు పడును. సీటుపై కూర్చుండి, మడమను పెడలుపై నుంచి, పెడలు అట్టడుగునకు వచ్చినప్పుడు కాలు ఇంచుమించు నిటారు కావలెను. చట్రమునకు ఇరుప్రక్కల కాళ్లుంచి నిలుచున్నప్పుడు అడ్డకమ్మికిని దేహమునకును నడుమ రెండంగుళముల ఎడముండవలెను. లంగా, చీర, చుడిదారు ధరించు బాలికలకు అడ్డకమ్మి లేనిదియు, గొలుసునకు కప్పు గలదియు మేలు.

మూడవది, కూర్చుండు తీరు. హ్యాండిలు పిడులు తనవైపునకు వంగియుండి, వెన్ను నిటారుగ నుండునట్లున్న సైకిలు మెడకును మణికట్టునకును నొప్పి కలిగించదు. అట్లు కూర్చుండువాని బరువంతయు సీటుపై పడును గనుక సీటు కొంచెము వెడల్పుగను స్ప్రింగులు గలదిగను ఉండవలెను. వంగి త్రొక్కు సైకిలునకు ఆ వెడల్పు సీటు అడ్డమే.

నాల్గవది, గేర్లు. గోదావరి, కృష్ణా డెల్టా గ్రామములందు నేల సమముగా నున్నది. గేర్లు లేకున్నను లోపము లేదు. విశాఖ మెట్టదారులలో నైనచో కొన్ని గేర్లు ఉపకరించును. ఇరువదియొక్క గేర్లు వ్రాసియున్నవని మురిసి కొనినచో, వానిని సరిచేయు కూలి మీదపడును.

అయిదవది, ఉన్న డబ్బంతయు సైకిలునకే పోయరాదు. పంపు, తాళము, దీపము, గంట, తలకు హెల్మెట్టు కొనుటకు కొంత మిగుల్చుకొనవలెను. మీ యూరి మరమ్మతువానికి విడిభాగములు దొరకు సైకిలునే ఎన్నుకొనవలెను. పాతది కొనువారు చట్రపు అతుకులలో పగుళ్లు చూడవలెను. చక్రమును పైకెత్తి త్రిప్పి, అటునిటు వంగక తిరుగునేమో చూడవలెను. రెండు బ్రేకులను వేఱువేఱుగ పరీక్షింపవలెను. పాత సైకిలు అనగా సిగ్గుపడవలసినది కాదు. గాలి క్రొత్తదానిలో నెంతయో పాతదానిలోను అంతియే.

విద్యార్థులారా, డన్‌లప్ మొదటివాడు కాడు, ధనికుడై పోయినవాడును కాడు. ఆయన చేసిన దేమనగా, ఒక బిడ్డ బాధను చిన్నదని త్రోసివేయక, చేతనున్న రబ్బరును, పెరటిలోని కొలది స్థలమును, తనకు తెలిసిన కొద్దిపాటి పనిని ఉపయోగించుట. అప్పగింపబడిన తలాంతు ఒక్కటియే అయినను దానిని మంటిలో పాతిపెట్టకుండుట యనగా నిదియే. తన బిడ్డకొరకు చేసినది ఎందరో బిడ్డలకు చెందెను. మీలో నెవరైన సైకిలు కొనినప్పుడు, నడచివచ్చు తోటివానిని వెనుక క్యారియరుపై కూర్చుండబెట్టుకొనుటకు బిడియపడకుడు. అయితే బయలుదేరుటకు ముందు టైరును బొటనవ్రేలితో నొక్కి, గాలి చాలినంత యున్నదో లేదో చూచుకొనుడు.